గేటు దాటిన బండి

మా ఆఫీసు గోడకి ఒక బోర్డు ఉంది. వెంకటేశ్వరస్వామి పటానికి జానెడు పైన కొట్టించారు దాన్ని. ఎర్ర రంగు మీద తెల్లటి అక్షరాలు: గేటు దాటిన బండి వెనక్కి రాదు. ఉద్యోగంలో చేరిన రోజున చూసి నవ్వుకున్నాను. ఇప్పుడు చూస్తే ఒళ్ళు మండుతుంది.

నా పేరు స్నేహలత. ఏలూరు పవర్‌పేటలో ఒక మందుల కొట్టు మీద మేడగదిలో కూర్చుని, రాజస్థాన్ ఎడారిలో కంటెయినర్ లారీలు నడిపిస్తాను. నడిపించడమంటే స్టీరింగ్ పట్టుకుని కాదు. ఓడరేవుల్లో దిగిన కంటెయినర్లు గూడ్సు రైలెక్కి ఎడారి మధ్యలో ఒక టెర్మినల్‌కి చేరతాయి. అక్కణ్ణించి వాటిని ఫ్యాక్టరీలకి మోసే లారీల్లో కొన్ని మావి. ఏ కంటెయినర్ ఏ లారీ ఎక్కాలి, ఏ డ్రైవరు ఎప్పుడు బయల్దేరాలి, గేటు పాసు ఎవరి పేరున తియ్యాలి, ఇవన్నీ నేనిక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తాను. తెర మీద ఒక్కో లారీ ఒక్కో ఆకుపచ్చ చుక్క. చుక్కలు కదులుతుంటే మా ఓనరు గారికి ఆకలి కూడా వెయ్యదు. ఏ చుక్కైనా ఆగిందంటే నన్ను పిలుస్తారు.

"ఎడారిలో బళ్ళేంటమ్మా, ఏలూర్లో ఆఫీసేంటమ్మా" అని మా చర్చిలో పెద్దావిడ దానమ్మ గారు ఇప్పటికీ నమ్మరు. నేను బ్యాంకులో చేస్తున్నానని అందరికీ చెబుతారు. నేనూ కాదనడం మానేశాను.

ఓనరు గంగాధరరావు గారిది తాడేపల్లిగూడెం. వయసంతా కొల్లేటి చేపల లారీలు తిప్పారు. చెరువుల మీద చేపలు పట్టించి, ట్రేలలో ఐసు కొట్టి నింపించి, లారీలకెత్తించి హౌరాకీ గౌహతికీ పంపేవారు. ఆ వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. లోడెక్కిన బండికి కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, యార్డు గేటు దాటించారంటే ఇక దాన్ని వెనక్కి పిలవరు. కాగితాలు మరిచిపోతే మోటారుసైకిలు మీద వెంటపడి అందిస్తారు. డ్రైవరు చెప్పులు మరిచిపోతే ఉత్త కాళ్ళతోనే గౌహతి దాకా వెళ్ళి వస్తాడు. వెనక నుంచి "ఓయ్" అని కేకేసినవాడికి ఆ పూట యార్డులో మంచినీళ్ళు కూడా పుట్టవు.

శకునం సంగతి అలా ఉంచండి. ఆ పద్ధతికి ఒక అర్థముంది. బండి వెనక్కి తిరిగితే ఐసు కరిగిపోతుంది, అవతల మార్కెట్లో చేప కన్ను తెల్లబడిపోతుంది, ఇక దాన్ని కుక్కలు కూడా ముట్టుకోవు. నేను పుట్టింది కొల్లేటి గట్టున. ఇది నాకొకరు చెప్పక్కర్లేదు.

కానీ ఎడారిలో మేం మోసేది చేపలు కాదు. రాళ్ళు కోసే యంత్రాలు, ప్లాస్టిక్ గుళికలు, తుక్కు ఇనుము. చేపల బేరం తగ్గాక ఎవరో చెబితే ఓనరు గారు ఈ వ్యాపారంలోకి దిగారు. బళ్ళు కొత్తవి కొన్నారు. బోర్డు మాత్రం పాత యార్డు నుంచి ఊడబెరికించి, రంగు వేయించి, ఇక్కడ కొట్టించారు. డ్రైవర్లని కూడా అక్కణ్ణించే తెచ్చుకున్నారు. అందులో ఒకడు మా పాపారావు బాబాయి.

బాబాయి మా నాన్నకి వరసకి తమ్ముడు. ఓనరు గారి చేపల లారీ మీద క్లీనరుగా చేరి, డ్రైవరై, ఆ బళ్ళ మీదే జుట్టు నెరిపించుకున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గేటు దాటిన బండిని తిప్పలేదని పెళ్ళిళ్ళలో, చావుల దగ్గర, ఎక్కడ నలుగురు కూర్చుంటే అక్కడ చెప్పుకుంటాడు. అతనికి అది పతకం లాంటిది.

ఇక గంగాధరరావు గారి గొంతు పెరగగా విన్నవాళ్ళు లేరు. "ఏవండీ స్నేహలత గారూ, ఒక్క మాటండీ" అని మొదలుపెట్టి, "మీరే ఆలోచించండి" అని ముగిస్తారు. మధ్యలో పీక ఎక్కడ తెగిందో మనకి బస్సెక్కి కూర్చున్నాక గాని తెలియదు. అరిచే మనిషితో పోట్లాడటం తేలిక. ఈయనతో పోట్లాడితే మనమే గయ్యాళులం అవుతాం. నేను చాలాసార్లు అయ్యాను.

మొన్న మే నెలలో ఒక గురువారం పొద్దున్నే బాబాయి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మెకానిక్ ఇయ్యాల కూడా రాలేదమ్మా. కేబిన్లో ఏసీ ఆడట్లేదు. తలుపు తీస్తే పొయ్యిలో ఊదినట్టుంది గాలి."

ఏసీ సంగతి నేను ఓనరు గారి చెవిన వేస్తూనే ఉన్నాను. వేసిన ప్రతిసారీ "చూద్దామండీ" అన్నారు. ఆయన చూసేదేదో ఎడారిలో ఆ కేబిన్లో కూర్చుని చూస్తే బాగుండేది.

"ఇవాళ లోడు వద్దంటే చెప్పు బాబాయ్, వేరే బండికి మారుస్తాను" అన్నాను.

"వేరే బండి ఎక్కడుందమ్మా, అన్నీ బయటే గదా. ఫర్వాలేదు లే. నీళ్ళ డబ్బా నింపుకున్నాను. లుంగీ తడిపి నెత్తికి చుట్టుకుంటాను."

ఆ రోజు అతని లోడు తుక్కు ఇనుము. ఎడారి దాటి, కొండల్లో ఘాట్ రోడ్డెక్కి దిగాక, ఒక ఇనుము కరిగించే ఫ్యాక్టరీకి చేర్చాలి. నేను గేటు పాసు పంపాను. తెర మీద చుక్క గేటు దాటింది. నేను టీ తెప్పించుకున్నాను.

టీ ఇంకా సగం కూడా కాలేదు, బాబీ ఫోన్ చేశాడు. బాబీది భీమడోలు. టెర్మినల్ యార్డులో మా తరఫున కాగితాలూ అవీ చూసేది అతనే.

"అక్కా, రెడ్ అలర్ట్ ఇచ్చారక్కా. కొండల అవతల ఇసుక తుఫాను లేచిందంట, ఇటే వస్తందంట. టెర్మినల్ వాళ్ళు గేటు మూసేశారు. అందరూ రోడ్డెక్కిన బళ్ళని కూడా వెనక్కి పిలిపించేసుకుంటన్నారు. మన పాపారావు గారి బండొక్కటే పోతా ఉంది."

"ఎదురుగా వస్తోందా తుఫాను?"

"ఆయ్. ఘాట్ మీద ఉండగా తగిలిందంటే రోడ్డు కనపడదక్కా. ఒక పక్కంతా లోయే. ఎండేమో నలభై ఏడు. ఎక్కడన్నా ఆగిపోయాడంటే ఆ కేబిన్లో మనిషి..." అని ఆపేశాడు. తర్వాత మాట నాకు అక్కర్లేకపోయింది.

లేచి ఓనరు గారి గదిలోకి వెళ్ళాను. గది చల్లగా ఉంది. ఆయన తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని, తాడేపల్లిగూడెంలో ఎవరిదో గృహప్రవేశం భోజనానికి బయల్దేరబోతున్నారు. విషయమంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. వినడంలో ఆయనకి వంక పెట్టలేం.

"ఏవండీ స్నేహలత గారూ, బండి గేటు దాటిందా లేదా అండీ?"

"దాటిందండీ. దాటి ఎంతో సేపు కాలేదు. మీరొక్క మాట చెబితే తిప్పేస్తాడు."

"దాటిపోయాక ఇంకేముంటుందండీ" అన్నారు, గోడవతల ఉన్న బోర్డు వైపు గడ్డం ఎత్తి. "ఒక బండి వెనక్కొచ్చిందంటే ఆ రోజు లైనంతా చెడిపోతుందండీ. నేను ఎన్ని చూశానో."

"అవి చేపల బళ్ళండీ! ఇది తుక్కు ఇనుమండీ. రేపు వెళ్తే కుళ్ళిపోతుందా?"

"మీరు చిన్నపిల్లలు, మీకు ఆవేశం ఎక్కువ. పాపారావు ఇలాంటివి ఎన్ని తుఫాన్లు చూశాడో మీకు తెలీదు. మన సముద్రం తుఫాన్ల ముందు ఈ ఇసుకెంతండీ? మీరే ఆలోచించండి."

నేను ఆలోచించాను. ఏలూరు రోడ్డు మీద మధ్యాహ్నం పూట చెప్పు తెగితేనే నిలబడలేం. ఈయన చల్లటి గదిలో కూర్చుని నలభై ఏడు డిగ్రీల ఎండకి, కొండ రోడ్డుకి, కళ్ళు మూసే ఇసుకకి సర్టిఫికెట్ ఇస్తున్నాడు. నా చేతిలో పేపర్‌వెయిట్ ఉంది. దాన్ని మెల్లగా టేబుల్ మీద పెట్టి బయటికొచ్చేశాను.

ఆయన పిలవకపోతే నేను పిలుస్తాను అనుకుని బాబాయికి ఫోన్ కలిపాను. వెంటనే ఎత్తాడు. వెనకాల ఇంజను రొద, అద్దాలకి గాలి కొడుతున్న చప్పుడు.

"బాబాయ్, బండి తిప్పెయ్. తుఫాను వస్తోంది. ఓనరు గారు వెనక్కి రమ్మన్నారు."

అబద్ధమే. ఒక మనిషి ప్రాణం కోసం ఆ పాటి అబద్ధానికి దేవుడు లెక్క కట్టడని నా నమ్మకం.

బాబాయి నవ్వాడు. "ఓనరు గారు రమ్మన్నారా? ఏదీ, ఆయన్నొక్క మాట చెప్పమనమ్మా."

ఓనరు గారి గది తలుపు వైపు చూశాను, మూసే ఉంది.

"నాకు తెల్సమ్మాయ్, ఆయన అనరు. నేనూ తిప్పను. ఇన్నేళ్ళూ తిప్పనోణ్ణి, ఇసక గాలికి భయపడి తిప్పానంటే రేపు యార్డులో నా మొహం చూస్తారా?"

"యార్డు ఎక్కడుంది బాబాయ్? ఆ యార్డులో ఇప్పుడు గేదెలు మేస్తున్నాయి!"

"ఉండనీవమ్మా. గేటు గేటే గదా."

ఓనరు మీద వచ్చిన కోపం కంటే ఎక్కువ కోపం వచ్చింది నాకు బాబాయి మీద. ఆయనంటే బోర్డు కొట్టించుకున్నాడు. ఇతను ఆ బోర్డుని గుండెల మీదే కొట్టించుకున్నాడు. ఫోన్ పెట్టేసి సువార్తమ్మ పిన్నికి చేశాను. పిన్ని బాబాయి భార్య. ఏలూరు మార్కెట్లో ఎండు చేపలు అమ్ముతుంది. సంగతి వినీ వినగానే బుట్ట పక్కామెకి అప్పగించి, ఆటో ఎక్కి వచ్చేసింది.

పిన్ని మెట్లెక్కి వచ్చేసరికి ఓనరు గారు దిగుతున్నారు. ఆమె పక్కకి ఒదిగి, చేతులు జోడించింది.

"ఏవండీ, మా ఆయన్ని ఎనక్కి రమ్మని ఒక్క మాట చెప్పండి బాబూ. మీ మాటైతే ఇంటాడు."

"కంగారు పడకమ్మా సువార్తమ్మా. ఏం కాదు. నువ్వు కూర్చో, మజ్జిగ తాగు. స్నేహలత గారూ, ఆవిడకి మజ్జిగ తెప్పించండి" అన్నారు ఎంతో ఆప్యాయంగా. అని, కారెక్కి గృహప్రవేశం భోజనానికి వెళ్ళిపోయారు. కారు మా గేటు దాటి రోడ్డెక్కడం పిన్నీ నేనూ కిటికీలోంచి చూశాం.

పిన్ని ఫోన్ తీసుకుని మొగుడితో మాట్లాడింది. బతిమాలింది, తిట్టింది, పిల్లల మీద ఒట్టు పెట్టింది. అవతల నుంచి ఒకటే మాట: "గేటు దాటేశానే సువార్తా." మూడో మాటకి సిగ్నల్ పోయింది. ఎడారిలో అంతే, టవరు దాటితే మనిషి ఉన్నాడో లేడో ఆ చుక్కని బట్టి అనుకోవడమే. చుక్క కదులుతూనే ఉంది, కొండల వైపు.

"నీళ్ళున్నాయా లేవా కనుక్కోలేకపోయానే" అంది పిన్ని. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెర వైపే చూస్తూ కూర్చుంది. ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను. తర్వాత తెలిసింది, లోపల్లోపల తిడుతోందట. ఎవరినని అడగలేదు.

బాబీ మళ్ళీ చేశాడు. ఆకాశం పడమటి వైపు అలాగే ఉంది, తూర్పున కొండల మీద మాత్రం గోడ లేచినట్టు పసుపుగా కనిపిస్తోందన్నాడు. పోలీసులకి చెప్పమన్నాను. చెప్పాడట, ఘాట్ మొదట్లో నిలబడి ఆపుతున్నారట గాని వినని వాళ్ళు పక్క రోడ్డున ఎక్కేస్తున్నారట. మా బాబాయి ఏ రకమో నాకు చెప్పక్కర్లేదు. బాబీ జీపు కోసం టెర్మినల్ వాళ్ళ కాళ్ళా వేళ్ళా పడుతున్నానన్నాడు.

అప్పుడు కింద హారన్ మోగింది. కిటికీలోంచి చూస్తే ఓనరు గారి కారు. మా గేటులోంచి లోపలికి వస్తోంది.

నా కళ్ళని నేను నమ్మలేదు. గృహప్రవేశం అయ్యే టైము కాదు. తాడేపల్లిగూడెం చేరే టైము కూడా కాదు. ఓనరు గారు మెట్లెక్కి వచ్చారు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది, మొహం కందిపోయింది, రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. నేరుగా తన గదిలోకి పోయి, ఏసీ కింద కుర్చీలో వాలారు. తలుపు తెరిచే ఉంది.

"అబ్బబ్బ! డ్రైవరు వీర్రాజుని వేరే కారు తెమ్మని పంపించానండీ. కాస్త మజ్జిగుంటే ఇప్పించండి స్నేహలత గారూ" అన్నారు.

పిన్ని కోసం తెప్పించిన మజ్జిగ అలాగే ఉంది. ఆమె ముట్టుకోలేదు. తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. మజ్జిగ మొహాన కొట్టలేదు. ఆ నిగ్రహానికి నా మీద నాకే ఆశ్చర్యం.

"ఏవండీ, బాబాయి కొండల దగ్గరకి వెళ్ళిపోయాడండీ. ఇప్పటికైనా ఒక్క మాట చెప్పండి."

"మళ్ళీ అదే మాటాండీ?" అన్నారు, మజ్జిగ గుటకేసి. "నేను ఒకణ్ణి తిప్పమన్నానంటే రేపు ప్రతివాడూ ఏదో ఒకటి చెప్పి తిప్పేస్తాడండీ. పద్ధతి అన్నాక అందరికీ ఒకటే ఉండాలి. మీరే ఆలోచించండి."

అదే క్షణాన నా టేబుల్ మీద ఫోను మోగింది. బాబాయి. ఘాట్ మొదట్లో ఒక టీ పాక దగ్గర సిగ్నల్ తగిలితే చేశాడు. పిన్ని నాకంటే ముందు అందుకుంది.

"నీళ్ళున్నాయా?"

"సగం ఉన్నాయే. కాగిపోయాయి. నోట్లో పోసుకుంటే టీ తాగినట్టుంది." గొంతు బొంగురుపోయి ఉంది. మాట మాటకీ మధ్య ఆగుతున్నాడు. "పోలీసోళ్ళు ఆపుతున్నారు గాని, ఎనకాల ఇంకో దారుంది. ఒకసారి మొహం కడుక్కుని ఎక్కేస్తా."

పిన్ని ఒక్క నిమిషం నా వైపు చూసింది. తర్వాత గదిలోకి చూసింది, ఏసీ కింద వాలిన ఓనరు గారి వైపు. లేచి నిలబడి, ఫోను స్పీకరు నొక్కి, గుమ్మం దాకా నడిచింది. ఫోను పట్టుకున్న చెయ్యి కొంగు కిందే ఉంది.

"ఏవండీ," అంది ఎంతో మర్యాదగా, "తమరు ఎక్కడి దాకా వెళ్ళి వచ్చేశారండీ?"

అడిగిన దానికి మర్యాదగా జవాబు చెప్పడం ఆయనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ అలవాటుకి జీవితంలో మొదటిసారి నేను దణ్ణం పెట్టుకున్నాను.

"గుండుగొలను దాకా వెళ్ళానమ్మా, సగం దారి కూడా కాలేదు."

"మరి భోజనానికి వెళ్ళకుండా ఎనక్కొచ్చేశారేటండీ?"

"కారు ఏసీ చెడిపోయిందమ్మా. ఈ ఎండలో కిటికీలు దించుకుని ఎలా వెళ్తాను? పది నిమిషాలకే కళ్ళు తిరిగిపోయినాయి. ఇంక లాభం లేదని వెనక్కి తిప్పించేశాను."

"గేటు దాటేశాక కూడా తిప్పించేశారాండీ?"

గంగాధరరావు గారు అప్పుడు చూశారు ఆమె కొంగు వైపు. ఫోనులోంచి గాలి హోరు వినిపిస్తోంది.

"వింటన్నావా అయ్యా?" అంది పిన్ని ఫోనులోకి. "ఓనరు గారేనయ్యా ఆ గొంతు. గుండుగొలను దాటలేకపోయారు. ఆయన తిప్పేశారు. నువ్వూ తిప్పెయ్యి."

కాల్ పోయిందేమోనని పిన్ని చేతిలో ఫోను వైపు వంగి చూశాను. తర్వాత వినిపించింది, చిన్నగా, ఎవరో చెంప మీద కొడితే అన్నట్టు.

"ఆయ్."

అంతే. ఫోన్ పెట్టేశాడు. నేను తెర దగ్గరికి పరిగెత్తాను. చుక్క కొండల దగ్గర కదలకుండా ఉంది. ఇద్దరం తెర మీదికి వంగాం. చుక్క కదిలింది. ఒక్క ఇంచీ తూర్పుకి వెళ్ళినట్టనిపించి నా ప్రాణం పోయింది. మలుపు కోసం ముందుకెళ్ళాడంతే. తర్వాత పడమటికి తిరిగింది. పిన్ని నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందంటే, గోళ్ళ గుర్తులు ఆదివారం దాకా ఉన్నాయి.

తుఫాను అతన్ని వదల్లేదు. సగం దారిలో వెనక నుంచి వచ్చి మీద పడింది. చుక్క ఆగిపోయింది. ఫోన్ కలవదు. నేను ఓనరు గారి అనుమతీ గినుమతీ అడగలేదు. బాబీకి ఫోన్ చేసి చుక్క ఎక్కడుందో చెప్పాను. అతను టెర్మినల్ వాళ్ళ జీపులో, ముక్కుకి గుడ్డ కట్టుకుని, లైట్లు వేసుకుని వెళ్ళాడు. ఆ సేపంతా గంగాధరరావు గారు గదిలోనే ఉన్నారు. వీర్రాజు రెండో కారు తెచ్చి కింద నిలబెట్టినా దిగలేదు. ఎందుకో నాకు తెలియదు. పశ్చాత్తాపం అనుకునేంత మంచితనం ఆ పూట నాలో లేదు.

బాబీ వెళ్ళేసరికి బండి రోడ్డు పక్కన ఆగి ఉందట. కేబిన్లో బాబాయి స్టీరింగ్ మీద తల వాల్చి ఉన్నాడట. పిలిస్తే పలకలేదట. జీపులో పడుకోబెట్టి, తల మీద నీళ్ళు పోస్తూ టెర్మినల్‌కి తెచ్చి, అక్కడున్న చిన్న ఆసుపత్రిలో చేర్చి సెలైన్ పెట్టించారు. ఇంకాసేపు ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు బాబీకి చెప్పాడు. బాబీ నాకు చెప్పాడు. నేను పిన్నికి చెప్పలేదు. ఘాట్‌కి ఇవతల సగం దారిలో దొరికాడు కాబట్టి బతికాడు. ఘాట్ అవతల దిగి ఉంటే వెతకడానికి జీపు కూడా వెళ్ళేది కాదు. ఆ సాయంత్రం దాకా ఘాట్ తెరవలేదు.

ఈలోగా లోడు ఆలస్యమవుతుందని చెప్పడానికి నేను ఆ ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. ఎత్తినాయన ఆవులిస్తూ మాట్లాడాడు. తుక్కా, ఎప్పుడొచ్చినా ఫర్వాలేదన్నాడు. కొలిమి మరమ్మతులో ఉందట, వారం నుంచీ నిప్పే లేదట. వచ్చే నెల వచ్చినా పారబోసుకోవడానికి చోటుందన్నాడు. నేను ఫోన్ పెట్టేసి గోడ మీది బోర్డు వైపు చూశాను. ఎవరూ ఎదురుచూడని ఇనుప ముక్కల కోసం ఒక మనిషిని వేపుడు మూకుట్లో వేసి పంపించాం. మేమే. నా చేత్తో తీసిన గేటు పాసుతోనే.

పొద్దు వాలుతుండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. బాబాయి లేచి కూర్చున్నాడు. బాబీ ఫోను అతని చేతికిచ్చాడు. పిన్ని "అయ్యా" అని ఏడ్చేసింది. "ఏడవకే, బానే ఉన్నాను. కాళ్ళే కొంచెం లాగేస్తన్నాయి" అన్నాడు. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. కాసేపు మాట్లాడాక, "ఓనరు గారున్నారా? ఒక్కసారి ఇయ్యి" అన్నాడు.

నాకు లోపల ఎగిరి గంతేసినట్టయింది. ఇప్పుడు అడుగుతాడు అనుకున్నాను. ఇన్నేళ్ళ చాకిరీకీ, ఆడని ఏసీకీ, ఈ సెలైన్ సీసాకీ కలిపి కడిగేస్తాడు అనుకున్నాను. స్పీకరు నొక్కి, పరిగెత్తినట్టే వెళ్ళి ఓనరు గారి టేబుల్ మీద పెట్టాను.

"చెప్పు పాపారావూ, ఎలా ఉందయ్యా ఒంట్లో?" అన్నారాయన మెత్తగా.

"బానే ఉందండీ. మీరు క్షమించాలండీ. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా చెయ్యలేదండీ. గేటు దాటిన బండిని తిప్పేశాను. లైను చెడగొట్టేశాను. ఏదో ఎండకి బుర్ర పని చెయ్యక..."

చావు ఒడిలోంచి లేచి వచ్చిన మనిషి, లేచిన వెంటనే చేసిన మొదటి పని క్షమాపణ చెప్పుకోవడం! ఓనరు గారేం చేశారనుకున్నారు? మొహం విప్పారింది. మధ్యాహ్నం నుంచీ కుర్చీలో ముడుచుకున్న మనిషి నిటారుగా కూర్చున్నారు. మళ్ళీ మా పాత ఓనరు గారైపోయారు.

"పర్లేదు లేవయ్యా. అయిందేదో అయింది. ఈసారికి వదిలేశాను, నువ్వేం మనసులో పెట్టుకోకు. ఇక ముందు మాత్రం..."

"చిత్తమండీ" అన్నాడు బాబాయి.

నేను నోరు తెరిచాను. ఆ రోజు ఉద్యోగం పోతే పోనీ అనే నిర్ణయం అయిపోయింది నాకు. కాని నా కంటే ముందు పిన్ని కదిలింది. గుమ్మంలో నిలబడి, కళ్ళు తుడుచుకుని, కొంగు నడుముకి దోపుకుంది. గొంతు ఏ మాత్రం పెంచలేదు. గంగాధరరావు గారు మాట్లాడే గొంతుతోనే, ఆయనంత మెత్తగా అడిగింది.

"ఏవండీ, ఒక్క మాటండీ. మా ఆయన్ని తమరు క్షమించారు. దేవుడు మీకు మేలు చెయ్యాలి. మరి తమరు కూడా గేటు దాటాక ఎనక్కొచ్చేశారు కదండీ, తమర్ని ఎవరు క్షమించారండీ?"

ఫోనులో బాబాయి ఉన్నాడు. బాబీ ఉన్నాడు. గుమ్మంలో నేనున్నాను. మా వెనక గోడ మీద ఎర్ర బోర్డు ఉంది. అందరం జవాబు కోసం ఆగాం.

గంగాధరరావు గారు నోరు తెరిచారు. ఆ గొంతు ఈసారి కూడా పెరగలేదు. అసలు రాలేదు.